దిగినాయా, ఎక్కినాయా?

చిత్తూరు నుండి పలమనేరు పోవు బస్సు మొగిలి ఘాటు మలుపులను ఒకటొకటిగా ఎక్కుచుండగా, నా ముందు సీటులో కూర్చున్న యువకుడొకడు తన చేతిలోని ఫోనును చూచి, ప్రక్కనున్న వృద్ధునితో, "తాతా, మీ ఊరి పక్క ఎలిఫెంట్ మూవ్‌మెంట్ ఉందంట, గ్రూపులో పెట్టినారు" అని చెప్పెను. వృద్ధుడు తలగుడ్డ విప్పి మరల చుట్టుకొని, కొంత సేపు ఆలోచించి, "మూవ్‌మెంటంటే ఏంది నాయనా? దిగినాయా, ఎక్కినాయా?" అని యడిగెను. యువకుడు ఫోనును పైకి క్రిందికి జరిపి చూచెను. అందు ఆ సంగతి లేదు. "అది రాయలేదు తాతా" అనెను. "మరి ఏం రాసినట్టు?" అని వృద్ధుడు కిటికీ వైపు తిరిగి కొండను చూచుచు కూర్చుండెను.

ఆ వృద్ధుడు అడిగినది ఇంగ్లీషు మాటకు అర్థమని ఆ యువకుడు తలచి యుండవచ్చును. నాకు మాత్రము అట్లు తోచలేదు. ఏనుగులు దిగినవి అనగా అడవి విడిచి చేలలోనికి వచ్చినవని భావము. ఎక్కినవి అనగా మరల కొండకు పోయినవని భావము. మొదటిదైనచో ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. రెండవదైనచో నిశ్చింతగా పండుకొనవచ్చును. ఒక రైతు రాత్రి మేలుకొనవలెనా నిద్రింపవలెనా యను ప్రశ్నకు సమాధానము చెప్పలేని మాటను వార్తగా పంపినవారు, తాము సమాచార మందించితిమనియే నమ్మి యుందురు. ఈ అధ్యాయము ఆ నమ్మకమును గూర్చినది.

నేను భాషా ఛాందసుడను కాను. బస్సును బస్సనియు, ఫోనును ఫోననియు అనుటకు నాకు సంకోచము లేదు. పరభాషా పదము మన నోట అరిగి మెత్తబడిన పిమ్మట అది మనదే. నా ఫిర్యాదు వేరు. కొన్ని మాటలు చూచుటకు ఉపకరించును. కొన్ని చూడకుండ తప్పించుకొనుటకు ఉపకరించును. 'మూవ్‌మెంట్' అనునది మన ప్రాంతమున ఈ రెండవ కోవకు చేరినది. టమోటా వ్యాపారమునకు దేశమంతట పేరుగన్న మదనపల్లె మండీలో సరుకునకు మూవ్‌మెంట్ లేదందురు. పోలీసువారు అనుమానితుల మూవ్‌మెంట్ కనిపెట్టుచుందురు. పార్టీల వారు రైతులలో మూవ్‌మెంట్ వచ్చినదందురు. మోకాలి నొప్పితో వచ్చిన ముసలమ్మను కీళ్ళలో మూవ్‌మెంట్ ఉన్నదా యని వైద్యుడు అడుగును. దీని తోబుట్టువైన 'మోషన్' సంగతి ఇంకను విచిత్రము. అదే వైద్యుడు మోషన్స్ ఎన్ని అయినవని యడిగినచో మన పల్లెవారు బేదుల లెక్క చెప్పుదురు; హైకోర్టులో లంచ్ మోషన్ పిటిషన్ వేసిరని పత్రికలో చదివి, భోజనానంతరము న్యాయస్థానమున ఏమి జరుగునో యని మా వీధిలో ఒకరు నిజముగా కలవరపడిరి. మధ్యాహ్న భోజన విరామము ముగిసిన వెంటనే తమ అర్జీ వినుడని చేయు అత్యవసర విన్నపమునకు అది పేరని చెప్పిన పిమ్మట గాని వారి మనస్సు కుదుటపడలేదు.

మండీలో ఒక గంట నిలిచి వినుడు. అచటి హమాలీ, రైతు, వ్యాపారి తమలో తాము మాటలాడుకొనునప్పుడు మూవ్‌మెంట్ అనరు. "సరుకు కదల్లేదు" అందురు. అనగా కొనువాడు రాలేదు. "రేటు పడింది" అందురు; "రేటు లేచింది" అందురు; "రేటు నిలబడింది" అందురు. పడుట, లేచుట, నిలబడుట అను మూడును మనుష్య శరీరమునకు సంబంధించిన క్రియలు. ధర యను కంటికి కనబడని వస్తువునకు వారు కాళ్ళు కల్పించి, అది ఏ స్థితిలో నున్నదో ఒక్క మాటలో చూపిరి. ఇంటికి పోయి ఆ సంగతినే ఉత్తరముగానో, నివేదికగానో వ్రాయునప్పుడు మాత్రము 'ధరలలో మూవ్‌మెంట్' అని వ్రాయుదురు. నోటికి తెలిసిన దానిని చేయి మరచుట మన చదువుల మహిమ.

ఏనుగుల కడకు మరల పోవుదము. అచట విషయము దట్టముగా నున్నది. పలమనేరు, కుప్పము ప్రాంతములకు ఏనుగులు పొరుగు రాష్ట్రముల అడవుల నుండి వచ్చి నిలదొక్కుకొన్నది 1980ల నడుమ. పాలారునకు ఉపనదులైన కౌండిన్య, కైగల్ ఏరులు పారు ఈ అడవులలో సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అడవికిని చేనికిని నడుమ గట్టి సరిహద్దు లేదు. చెరకు, వరి, అరటి ఏనుగునకు గడ్డి కంటె రుచి. కావున నాలుగు దశాబ్దములుగా ఈ పల్లెలలో ఏనుగును గూర్చిన ఒక క్రియాకోశము పెరుగుచు వచ్చినది. గుంపు దిగినది. ఒంటి ఏనుగు తిరుగుతా ఉన్నది. చెరువులో పడినవి. తోట తొక్కినవి. కంచె దాటినవి. మళ్ళినవి. తోలినారు. ఈ ప్రతి మాటకు ఒక్కొక్క పని అంటుకొని యున్నది. 'తిరుగుతా ఉంది' అన్నచో ఒంటరిగా పొలము పోరాదు, ఏలయనగా గుంపు కంటె ఒంటి మగ ఏనుగు ప్రమాదము. 'పడినాయి' అన్నచో నీళ్ళలో నున్నవి, ఒక గడియ వ్యవధి యున్నది. 'దాటినాయి' అన్నచో కంచె చెడినది, రేపు బాగుచేయవలెను.

'తోలుట' అను మాటను చూడుడు. రాయలసీమలో ఎద్దులను తోలుదురు, బండిని తోలుదురు, బస్సును సైతము తోలుదురు. వెనుక నుండి అదలించి ముందునకు పోవునట్లు చేయుట దాని మూలభావము. ఏనుగును తోలినచో అది ఎచటికి పోవునో తోలినవానికి తెలియదు; ఈ ఊరి తప్పెట మ్రోత ప్రక్క ఊరి పొలమునకు ఏనుగును పంపును. అందువలననే 'మళ్ళించుట' అను వేరొక మాట వారికి కావలసి వచ్చినది. మళ్ళించువాడు దారిని కూడ నిర్ణయించును. శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను 2025లో కర్ణాటక ప్రభుత్వము ఆంధ్రకు ఇచ్చినప్పుడు, వాని వలన ప్రయోజన మేమని నాతో ఒక రైతు వాదించుచు, "ఇన్నాళ్ళూ తోలినాము, ఇప్పుడు మళ్ళించాల" అనెను. పాలన విధానములో రావలసిన మార్పును ఇంత పొట్టిగా చెప్పిన వాక్యమును నేను ఏ నివేదికలోను చదువలేదు.

ఇచట తెలుగుభాష మనకిచ్చిన ఒక సౌకర్యమును గుర్తింపవలెను. మన గమన క్రియలలో పెక్కింటికి జంటలున్నవి: కదలు, కదల్చు, నడచు, నడపు, తిరుగు, త్రిప్పు, దిగు, దించు, లేచు, లేపు, మళ్ళు, మళ్ళించు. మొదటిది తానై కదలునది, రెండవది ఒకరు కదలించునది. బాల్యమునుండి ప్రయత్నము లేకయే అలవడిన ఈ భేదమును పెద్దయై కచేరీలలో కూర్చున్న పిమ్మట మనము మెల్లగా పోగొట్టుకొందుము. "ఫైలు కదలడం లేదు సార్" అని గుమాస్తా చెప్పును. ఫైలునకు కాళ్ళు లేవు. దానిని ఎవరో కదల్పలేదు. 'కదలలేదు' అను మాట చాటున ఆ ఎవరో సుఖముగా దాగుకొని యున్నాడు. అడిగినవాడును దానినే ఒప్పుకొని, వర్షము కురియలేదన్నట్లు నిట్టూర్చి ఇంటికి పోవును.

ఈ జాతికి చెందినదే 'జరుగుట'. మూలమున ఇది శుద్ధమైన చలనార్థక క్రియ. బస్సులో "రవ్వంత జరుగప్పా" అనునప్పుడు ఆ అర్థము నేటికిని సజీవముగా నున్నది. జరుగునది కాలమే యను భావన వలన కాబోలు, అది సంభవించుట యను అర్థమునకు పాకినది, అంతవరకు అందమే. కాని నేడు సభలలో "మీకు తెలియజేయడం జరిగింది", "విచారించడం జరిగింది", "చర్యలు తీసుకోవడం జరుగుతుంది" అను వాక్యములు విని వినియు చెవులు మొద్దుబారినవి. తెలియజేసినది ఎవరు? విచారించినది ఎవరు? చేసినవాడు తన పనినుండి తాను కొంచెము ప్రక్కకు 'జరిగి' కూర్చుండుటయే ఈ ప్రయోగమునకు నిజమైన వ్యుత్పత్తి యని నాకొక చిలిపి ఊహ. ఈ వారము మీరు వ్రాయు ప్రతి అర్జీలోను, పంపు ప్రతి సందేశములోను 'జరిగింది' అన్న చోట చేసినవాని పేరు పెట్టి చూడుడు. అది మీ పేరే యైనప్పుడు చేయి వెనుకాడును.

సంస్కృతము నుండి మనకు సంక్రమించిన సంపదను కొంచెము చెప్పవలసి యున్నది. అంతయు చెప్పబూనినచో పుస్తకము చాలదు. వైశేషికులు కర్మమును ఐదు విధములుగా విభజించిరి: ఉత్క్షేపణము, అవక్షేపణము, ఆకుంచనము, ప్రసారణము, గమనము, అనగా ఎత్తుట, దించుట, ముడుచుట, చాచుట, పోవుట. తత్త్వశాస్త్రపు విభజన మనకేల యని తోచినచో, శ్రీశైలమునుండి కృష్ణాజలములను మెట్టుమెట్టుగా పైకి పంపి కుప్పము వరకు తెచ్చిన హంద్రీ–నీవా పథకమును మనవారు ఏమని పిలిచిరో తలచుకొనుడు: ఎత్తిపోతలు. మొదట ఎత్తు, పిదప పోత. వైశేషిక కర్తయైన కణాదుని పేరు వినని జనము ఆతని మొదటి కర్మమునకు నీరు పోయుటను జతచేసి ఒక మాటను పోతపోసిరి. అమరసింహుడు గుఱ్ఱపు నడకలనే ఐదింటిని వేర్వేరు పేర్లతో నిఘంటువున కెక్కించెను: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. గుఱ్ఱముతో బ్రదికినవారికి ఆ భేదము కావలసి వచ్చినది. ఏనుగుతో బ్రదుకవలసి వచ్చిన పలమనేరు రైతునకు వేరు భేదములు కావలసి వచ్చినవి.

మన ఛందస్సు సైతము ఒక జంతుశాల; అందున్న ప్రతి ప్రాణియు కదలుచుండును. మత్తేభవిక్రీడితమున మదపుటేనుగు ఆడును, శార్దూలవిక్రీడితమున పులి ఆడును, భుజంగప్రయాతమున పాము ప్రాకును. ద్రుతవిలంబితమున వేగము మాంద్యము రెండును కూడి యుండును. మందాక్రాంతము పేరుననే మెల్లగా అడుగిడును. సంగీతమునకు గతి ప్రాణము: మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరముల తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ గతులు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు అతిథియై వచ్చి, జనగణమన గీతమును ఇంగ్లీషు చేయగా, మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరలిపిలో కుదిర్చినది. ఆ గీతమును పూర్తిగా పాడుటకు నేటి నియమిత కాలము 52 సెకనులు. పిల్లల సభలో ఎవరైన సాగదీసి పాడినప్పుడు చూడుడు: మాట మారలేదు, స్వరము మారలేదు, గతి యొక్కటి మారినది, ఆ ఒక్కదానితో నిలుచున్నవారి కాళ్ళు మారుచున్నవి.

అదే మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి విషయమున ఈ ఇంగ్లీషు మాట మరియొక విచిత్రమైన మలుపు తిరిగినది. ఆయన జీవితమంతయు ఉపన్యసించినది ఇంగ్లీషులో. ఆయన ఉపన్యాసములలో మూవ్‌మెంట్ అను పదము అడుగడుగున వచ్చును. ఆలోచన యొక మూవ్‌మెంట్, కాలమొక మూవ్‌మెంట్, భయమొక మూవ్‌మెంట్. తెలుగు చేయువాడు ఇచట కలము ఆపి ఆలోచింపవలెను. కదలిక యన్నచో ఆకు కదలినట్లు చిన్నదై కంటికి కనబడునదగును. గమనము అన్నచో గమ్యమొకటి యున్నదను భ్రమ కలుగును. ఆయన గమ్యములను ఒప్పుకొనలేదు. ప్రవాహమన్నచో ఒక దిక్కునకే పోవునదగును. ఆలోచన తిరిగి తిరిగి తన తోకనే పట్టుకొనును. నాకు చలనమే తగినదని తోచును, ఏలయనగా మనస్సు చలించినదని మనము అనునప్పుడు కలత యను భావమును ఆ మాటతో కూడ వచ్చును. ఇతరులు ఒప్పుకొనకపోవచ్చును.

విచిత్రము ఇంతటితో ముగియలేదు. ఇంగ్లీషున ఉద్యమమును గూడ మూవ్‌మెంట్ అనియే అందురు. తన చుట్టు అల్లిన నక్షత్ర సంఘమును 1929 ఆగస్టులో హాలండు దేశపు ఓమెన్ శిబిరమున తానే రద్దుచేసి, అట్టి మూవ్‌మెంటును త్రోసిపుచ్చిన మనుష్యుడు, తక్కిన ఏబదియారు సంవత్సరములకు పైగా వేరొక మూవ్‌మెంటును గూర్చి మాటలాడెను. ఇంగ్లీషువానికి ఇది ఒకే మాటలోని రెండు గదులు. మనకు రెండు వేరు వేరు ఇండ్లు. ఉద్యమమనగా ప్రాచీనార్థమున పూనిక, యత్నము. దానికి దగ్గరి చుట్టమైన ఉద్యోగము గూడ అంతే. భారతమున ఉద్యోగపర్వమనగా యుద్ధమునకు పూనుకొనిన పర్వము, నేడు ఉద్యోగమనగా నెలజీతము. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టి, గ్రంథాలయోద్యమమను మాట జనుల నోట పడునప్పటికి ఉద్యమ పదము పదిమంది కలసి చేయు యత్నము అను నేటి అర్థమునకు చేరుచుండెను. పార్టీవారు రైతులలో మూవ్‌మెంట్ వచ్చినదన్నప్పుడు మీరు మెల్లగా అడుగదగిన ప్రశ్న యిది: కదలిక వచ్చినదా, కలత వచ్చినదా, ఉద్యమమే వచ్చినదా? మూడింటికి ఖర్చు వేరు.

తత్సమముల మోజున అచ్చతెలుగును మరువరాదు. కుప్పమున వీధిలో నిలిచినచో తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే టీ అంగడిలో వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును అచటనే స్థాపించుట ఉచితముగనే యున్నది. మనము నడక యన్నచో తమిళుడు 'నడై' యనును, కన్నడిగుడు 'నడె' యనును. అంతకంటె నన్ను ఆకర్షించునది, మనకు నడత యున్నట్లే తమిళునకు 'నడత్తై', కన్నడిగునకు 'నడతె' యుండుట. ముగ్గురకును అది గుణమునకే పేరు. ముగ్గురు అన్నదమ్ములును కాలిపనిని గుణమునకు కొలతగా వాడిరి. సంస్కృతమున 'చర' ధాతువు సంగతియు నిట్టిదే: సంచారము నుండి ఆచారము, చరిత్ర, విచారము, ప్రచారము అన్నియు దాని సంతతి. పెండ్లిచూపులకు వచ్చినవారు "పిల్లోడి నడత ఎట్లాంటిది?" అని అడుగుదురే గాని, వాని పర్సనాలిటీ మాట ఎత్తుట నేను వినలేదు. ఇట్టి పుస్తకములు వ్రాయువారము మేమే ఆ మాటను ఎక్కువగా వాడుదుము.

సెలవు తీసికొనునప్పటి మాట మరొకటి. మన ప్రాంతమున గడప దాటువాడు "పోతాను" అనడు. "పోయొస్తా" అనును, లేదా "వస్తా" అనియే అనును. పోవుట మరణమునకును పేరగుటచే కలిగిన వెరపు అందులో నున్నది. "పోతా ఉండాను" అని ఒక్కమారు ఇంటి పెద్దావిడ ముందర అని చూడుడు, పోనివ్వదు.

ఇక అభ్యాసము. చిన్న పుస్తకమొకటి తీసికొని, ప్రతిదినము ఒకే చోట అరగంట కూర్చుండుడు. బస్టాండు కావచ్చును, చెరువు కట్ట కావచ్చును, పలమనేరు పశు పరిశోధన కేంద్రములో పుంగనూరు పొట్టి ఆవులు మేయు తావు కావచ్చును. మూడడుగుల ఎత్తు గల ఆ ఆవు అడుగువేయు తీరునకు మాట వెదకుట ఒక వారము పని. కదలు ప్రతి వస్తువునకు ఒక క్రియను వ్రాయుడు. మూవ్‌మెంట్, మోషన్, జరుగుట అను మూడును నిషిద్ధము. 'పోవుట' మూడుసార్లు మాత్రము క్షమ్యము. క్రియ వ్రాసిన పిమ్మట దాని జంటను ప్రక్కన వ్రాసి, ఇది తానై కదలినదా, కదలింపబడినదా యని ఒకసారి ప్రశ్నించుకొనుడు. మాట తోచనిచో ఇంగ్లీషు మాటతో పూరింపక ఖాళీ విడువుడు. పిదప మీకంటె పెద్దవారిని అడుగుడు. మొదటి నాడు ఐదారు మాటలు వచ్చుట కష్టము. పదవ నాటికి మీరు క్రియలు వ్రాయుచుండుట మరచి, కదలు వస్తువునే చూచుచుందురు.

కుప్పమున చదువుచున్న బాలిక యొకతె ఈ అభ్యాసమును వానకాలమున తన ఊరి చెరువు కట్టపై చేసి, ఆ పుస్తకమును నాకు చూపినది. ఒక పుటలో మొదట 'వాటర్ మూవ్‌మెంట్' అని వ్రాసి కొట్టివేసినది. దాని క్రింద 'నీరు పొంగుచున్నది' అని వ్రాసి, పొంగుట పాలకు గదా యని కాబోలు, దానిని గూడ కొట్టివేసినది. 'పొర్లుచున్నది' అనుటకు కట్ట తెగలేదు, నీరు కట్టపైకి రాలేదు. చెరువు నిండి, అదనపు నీరు తన కొరకు కట్టిన దారిన మర్యాదగా వెలికి పోవుచున్నది. మూడవ పంక్తి ఖాళీగా విడిచినది. ఆ ఖాళీలో, వేరు సిరాతో, మరునాడు వ్రాసినట్లున్నది: 'మొరవ పోతా ఉంది. అవ్వ చెప్పింది.'